దొరికీ దొరకని టీపీఎస్ ఫాల్టు: మార్చే ముందు పట్టుకోండి

(విజయనగరంలో కారు మెకానిక్‌ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. విజయనగరం వాళ్లున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లున్నారు, వెనక వరసలో సాలూరు వాళ్లు కూడా కనబడుతున్నారు. అందరం స్పానర్ పట్టినవాళ్లమే కాబట్టి నేరుగా పనిలోకి దిగుదాం.

"బాబూ, బండి ఒక్కోపాలి జర్కులిస్తాది, ఒక్కోపాలి బాగానే ఉంటాది." ఈ మాట వినని షెడ్డు ఉందా మన దగ్గర? ఆయన బండి తెచ్చేసరికి అది శుభ్రంగా నడుస్తుంది. రేస్ ఇస్తే లేస్తుంది, వదిలితే ఐడిల్‌కి వస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? స్కానర్ పెడతాం. పీ0122 అనో పీ0123 అనో కోడ్ వస్తుంది, పక్కన థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ (టీపీఎస్, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ పలక ఎంత తెరుచుకుందో చెప్పేది) అని పేరుంటుంది. పేరుంది కదా అని సెన్సర్ మార్చేస్తాం. బండి కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ వస్తుంది.

ఆ కొన్నాళ్లు ఎందుకు బాగుంది? ఇది ఆలోచించండి. సెన్సర్ మార్చేటప్పుడు మీరు కప్లర్, అంటే వైర్ల ప్లగ్గు, ఊడదీశారు, మళ్లీ పెట్టారు. ఆ ఊడదీసి పెట్టడంలో పిన్నుల మీదున్న చిలుము కాస్త రాసుకుపోయింది. బాగుచేసింది కొత్త సెన్సర్ కాదు, ఆ రాపిడి. చిలుము మళ్లీ పట్టింది, ఫాల్టు మళ్లీ వచ్చింది. అందుకే ఈ రోజు మొత్తం నేను చెప్పేది ఒకటే: పట్టుకోకుండా మార్చొద్దు. ఫాల్టు జరుగుతుండగా మీ కళ్లతో చూడాలి. చూశాకే చెయ్యి పెట్టాలి.

ముందు పాతరకం, కేబుల్ లాగే థ్రాటిల్ బాడీ తీసుకుందాం. సెన్సర్‌కి మూడు వైర్లు. ఒకటి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, నుంచి వచ్చే 5 వోల్టులు. ఒకటి ఎర్త్, అది కూడా ఈసీయూ నుంచే వస్తుంది, బాడీ ఎర్త్ కాదు. మూడోది సిగ్నల్. లోపల ఒక కార్బన్ ట్రాక్, దాని మీద జారే ఒక చిన్న ముల్లు. థ్రాటిల్ మూసి ఉంటే సిగ్నల్ సుమారు 0.5 వోల్టు, పూర్తిగా తెరిస్తే సుమారు 4.5. బండిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఆ బండి మాన్యువల్ చూసుకోండి. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ తిప్పితే ఒకచోట గరగరమంటుంది చూడండి, లోపల వస్తువు అదే, జబ్బూ అదే.

ట్రాక్ ఎక్కడ అరుగుతుంది? ముల్లు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటుందో అక్కడ. అంటే ఐడిల్ దగ్గర, ఆ పైన కొంచెం తెరిచిన చోట. మన జాతీయ రహదారి మీద 60, 70లో కాలు కదపకుండా గంటలు గంటలు నడిపే బండికి ముల్లు ఆ కాస్త జాగాలోనే ఇంజిన్ వణుకుకి రాసుకుంటూ ఉంటుంది. కాబట్టి "ఊళ్లో బాగుంది, హైవే ఎక్కితే ఒకే స్పీడులో కుదుపులు" అని కస్టమర్ అంటే ఆ మాట చాలా విలువైనది. వదిలెయ్యొద్దు. జాబ్ కార్డు మీద రాయండి.

ఇంకా ఏమేం అడగాలి? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? వానలోనా, బండి కడిగాకా? గోతిలో పడినప్పుడా? ఏసీ వేసినప్పుడా? టీకి ఆపి, పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేసినప్పుడా? ఆగాక ఇంజిన్ వేడి పైకి కొడుతుంది, సెన్సర్ నడుస్తున్నప్పటికంటే అప్పుడే ఎక్కువ వేడెక్కుతుంది, అందుకు ఆ ప్రశ్న. ఇంకోటి తప్పకుండా అడగండి: తాళం (ఇగ్నిషన్) ఆపి మళ్లీ వేస్తే బాగవుతుందా? అవుతుంది అంటే దాంట్లో పెద్ద సంగతి ఉంది. చాలా ఈసీయూలు తాళం వేసిన దగ్గర్నుంచి తాము చూసిన అతి తక్కువ వోల్టేజినే "థ్రాటిల్ మూసి ఉంది" అని గుర్తు పెట్టుకుంటాయి. సిగ్నల్ ఒక్క క్షణం 0.5 నుంచి 0.35కి జారిందనుకోండి, ఈసీయూ 0.35నే మూత అని పట్టుకుంటుంది. తర్వాత అసలు 0.5కి వచ్చినా, అబ్బే, కాలు ఇంకా కొంచెం తొక్కే ఉంది అనుకుంటుంది. ఐడిల్ కంట్రోల్ వదిలేస్తుంది. ఆర్పీఎం పైనే ఉండిపోతుంది, లేదా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. తాళం ఆపి వేస్తే లెక్క మళ్లీ మొదలు, బండి బాగు. కోడ్ మాత్రం ఉండదు, ఎందుకంటే 0.35 అనేది తప్పు వోల్టేజి కాదు కదా.

కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కోడ్ సెన్సర్ చెడిందని చెప్పదు, సిగ్నల్ ఎటు పోయిందో చెబుతుంది. ఇది బాగా వినండి. పీ0122 అంటే సిగ్నల్ మరీ తక్కువకి పడింది. పీ0123 అంటే మరీ పైకి పోయింది. పీ0121 అంటే వోల్టేజి హద్దులోనే ఉంది కానీ ఇంజిన్ లోడుతో, మ్యాప్ సెన్సర్ (ఇంజిన్ పీల్చే గాలి ప్రెషరు చూసేది) రీడింగుతో పొంతన లేదు. పీ0124 అంటే వస్తూ పోతూ ఉంది.

ఇప్పుడు తీగలతో కలిపి చూడండి. 5 వోల్టుల వైరు తెగితే ఏమవుతుంది? ముల్లుకి ఎర్త్ ఒక్కటే మిగిలింది, సిగ్నల్ సున్నా. పీ0122. ఎర్త్ తెగితే? కరెంటు పోయే దారి లేదు, ట్రాక్ అంతా 5 వోల్టులకి లేస్తుంది, సిగ్నల్ పైకి. పీ0123. సిగ్నల్ వైరు తెగినా, ముల్లు ట్రాక్ మీద నుంచి లేచినా ఈసీయూ లోపలి రెసిస్టరు ఎటు లాగితే అటు పోతుంది, చాలా బండ్లలో కిందికి, కొన్నింటిలో పైకి. ఆ బండి ఎటు లాగుతుందో తెలుసుకోవడం రెండు నిమిషాల పని: తాళం వేసి, కప్లర్ ఊడదీసి, స్కానర్‌లో టీపీఎస్ వోల్టేజి చూడండి. సున్నాకి పడిందా, 5కి ఎక్కిందా, కనబడుతుంది. కానీ ఒక జాగ్రత్త: కప్లర్ ఊడదీస్తే చిలుము రాసుకుపోతుందని ఇందాకే చెప్పుకున్నాం. కాబట్టి ఇది చివర చెయ్యాల్సిన పరీక్ష, మొదట కాదు. ముందు కప్లర్ ముట్టుకోకుండా కొలవాల్సినవి కొలిచెయ్యండి.

పూర్తిగా తెగిపోతే సుఖమే. సగం తెగితే? అంటే పిన్నులో చిలుము పట్టి కొంత రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. లెక్క చేసి చూద్దాం, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. ట్రాక్ 4 కిలో ఓములు అనుకుందాం. ఎర్త్ పిన్నులో 200 ఓములు చేరింది. ఐడిల్ దగ్గర 0.5 చూపాల్సిన సెన్సర్ 0.71 చూపుతుంది. అదే ఫుల్ థ్రాటిల్‌లో 4.5 బదులు 4.52, అంటే మారనే లేదు. ఇప్పుడు అవే 200 ఓములు 5 వోల్టుల పిన్నులో పెట్టండి. ఐడిల్ దగ్గర 0.48, దాదాపు అదే. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం 4.29కి దిగిపోయింది.

అర్థమైందా? ఎర్త్ చెడితే కింది కొస లేస్తుంది. 5 వోల్టుల వైపు చెడితే పై కొస దిగుతుంది. రెండు కొసలూ కొలిస్తే ఏ వైరో సెన్సర్ విప్పకుండానే తెలుస్తుంది. సిగ్నల్ పిన్నులో 200 ఓములు చేరితే? ఏమీ కనబడదు, ఎందుకంటే ఈసీయూ ఆ వైరులో దాదాపు కరెంటే లాగదు. సిగ్నల్ వైరు పూర్తిగా విడిపోయిన క్షణంలోనే బయటపడుతుంది, మళ్లీ అతుక్కుంటే మాయం. మనల్ని ఎక్కువగా ఏడిపించేది ఆ వైరే.

మీటరు ఎక్కడ పెట్టాలి, ఎలా చూడాలి

మీటరు నల్లతీగ ఎక్కడ పెడతారు? సెన్సర్ ఎర్త్ పిన్ను మీద పెడితే ఎర్త్ ఫాల్టు మీకు ఎప్పటికీ కనబడదు. నల్లతీగ బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. ఎర్రతీగ ముందు సెన్సర్ ఎర్త్ వైరు మీద. తాళం వేసి, ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ అన్నీ వేసి చూడండి. 0.05 వోల్టు లోపు ఉండాలి. 0.2 వచ్చిందంటే ఫాల్టు దొరికినట్టే. ఆ తర్వాత 5 వోల్టుల వైరు: 4.9 నుంచి 5.1 మధ్య కదలకుండా నిలబడాలి. చివర సిగ్నల్.

వైరుకి సూది గుచ్చకండి. దయచేసి గుచ్చకండి. కళింగపట్నం, బారువ, భావనపాడు, ఇటు కోనాడ వైపు తిరిగే బండ్లున్నాయి మన దగ్గర. సముద్రపు గాలి ఆ సూది రంధ్రంలోంచి లోపలికి పోతుంది, కొన్ని నెలల్లో లోపలి రాగి పచ్చగా అయి పొడి రాలుతుంది. ఈ రోజు మీరు పెట్టిన రంధ్రమే వచ్చే ఏడాది ఇంకో మెకానిక్‌కి ఫాల్టు. కప్లర్ వెనక రబ్బరు సీలు పక్కనుంచి సన్నటి ప్రోబు జార్చండి, పని అయ్యాక సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి.

ఇప్పుడు స్కానర్ సంగతి. లైవ్ డేటాలో ఇరవై లైన్లు తెరిచి పెట్టి, టీపీఎస్ బాగానే ఉంది అంటాం. ఆ స్కానర్ ఇరవై లైన్లనీ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది, ఒక్కో లైనూ మారడానికి సెకన్లు పట్టొచ్చు. ముల్లు ట్రాక్ మీద నుంచి లేచేది 10, 20 మిల్లీ సెకన్లు. స్కానర్ అటు చూస్తుండగా ఇటు జరిగిపోతుంది. అందుకని రెండే లైన్లు పెట్టండి, టీపీఎస్ వోల్టేజి, ఆర్పీఎం. గ్రాఫులో పెట్టండి, రికార్డింగు ఆన్ చెయ్యండి. ఫ్రీజ్ ఫ్రేమ్ చూడకుండా కోడ్ చెరపొద్దు. కోడ్ పడ్డ క్షణంలో స్పీడు ఎంత, నీళ్ల వేడి ఎంత, ఆర్పీఎం ఎంత అన్నది అందులో ఉంటుంది, అదే మీ టెస్ట్ డ్రైవ్‌కి దారి చూపుతుంది.

డిజిటల్ మీటరూ అంతే, సెకనుకి మూడు నాలుగు సార్లే అంకె మారుస్తుంది. మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే అది నొక్కి పెట్టండి. మూలన పడేసిన పాత ముల్లు మీటరు ఉందా మీ షెడ్డులో? దుమ్ము దులపండి. థ్రాటిల్ మెల్లగా తెరుస్తుంటే దాని ముల్లు ఎక్కడైనా ఉలిక్కిపడిందంటే డిజిటల్ అంకె దాచింది అక్కడ బయటపడుతుంది.

అన్నిటికంటే మేలు వోల్టేజిని గీతగా చూపే స్కోపు. చేతిలో పట్టే రెండు ఛానళ్ల చిన్న స్కోపు చాలు, పెద్దది అక్కర్లేదు. గడికి 1 వోల్టు, గడికి 500 మిల్లీ సెకన్లు పెట్టండి. తాళం వేసి, ఇంజిన్ ఆపి, థ్రాటిల్‌ని మూత నుంచి చివరిదాకా మూడు నాలుగు సెకన్లలో మెల్లగా తెరవండి, అంతే మెల్లగా మూయండి. గీత నున్నగా కొండెక్కి దిగాలి. మధ్యలో కిందికో పైకో సూదిలా గీత పడిందా? మళ్లీ చెయ్యండి. అదే చోట మళ్లీ పడిందా? ట్రాక్ అరిగింది, సెన్సర్ మార్చండి. ఒక్కోసారి ఒక్కోచోట పడుతుందా? అది ట్రాక్ కాదు, వైరో పిన్నో. రెండో ఛానల్ 5 వోల్టుల మీద ఉంచండి. సిగ్నల్ పడినప్పుడు 5 వోల్టులు కూడా పడితే ముందే సెన్సర్‌ని అనుమానించొద్దు. ఆ 5 వోల్టులు చాలా బండ్లలో మ్యాప్ సెన్సర్, ఏసీ ప్రెషర్ సెన్సర్ కూడా పంచుకుంటాయి. వాటిలో ఏదో ఒకటి షార్టై లాగేస్తుండొచ్చు. ఒక్కొక్క కప్లరూ ఊడదీస్తూ చూడండి, ఏది తీస్తే 5 తిరిగొస్తుందో అదే దొంగ.

ఓమ్ మీటరుతో కొలవొచ్చు కదా అని అడుగుతారు. కొలవొచ్చు, తప్పులేదు. కానీ ఓమ్ మీటరులో బాగుంది అని సెన్సర్‌కి సర్టిఫికెట్ ఇవ్వకండి. బల్ల మీద, చల్లగా, వణుకు లేకుండా కొలిచారు మీరు. ఫాల్టు వేడిలో, వణుకులో వస్తుంది.

ఇక ఫాల్టుని రప్పించడం. స్కోపో ముల్లు మీటరో తగిలించి ఉంచి, ఒక్కొక్కటే చెయ్యండి. రెండు కలిపి చెయ్యకండి, ఏది కదిపితే వచ్చిందో తెలియదు. ముందు స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ మీద మెల్లగా తట్టండి. తర్వాత కప్లర్‌ని అటూ ఇటూ ఒత్తండి. తర్వాత వైరింగ్ వెంట జానెడు జానెడు చొప్పున వంచుతూ ఈసీయూ దాకా వెళ్లండి. క్లిప్పు దగ్గర, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచు దగ్గర, బ్యాటరీ ట్రే కింద ఎక్కువ రాపిడి ఉంటుంది. కోతల రోజుల్లో పొలం పక్కన పెట్టే బండ్లకి ఎలుకలు కొరుకుతాయి, టేపు లోపల వైరు కొరికితే పైకి కనబడదు. తర్వాత వేడి: హెయిర్ డ్రయ్యర్ చాలు, హీట్ గన్ పెట్టి ప్లాస్టిక్ కరిగించొద్దు.

షెడ్డులో రాకపోతే రోడ్డెక్కాలి. ఇద్దరు వెళ్లండి. నడిపేవాడు రోడ్డు చూడాలి, పక్కవాడు స్కోపో స్కానరో చూడాలి. హైవే మీద ఒకే కాలు ఒత్తిడితో కొన్ని కిలోమీటర్లు. అక్కడ దొరకకపోతే సాలూరు ఘాట్ ఎక్కించండి, అక్కడ కాలు తొక్కడం వదలడం మాటిమాటికీ ఉంటుంది కాబట్టి ట్రాక్ మొత్తం పరీక్షకి వస్తుంది. జర్క్ వచ్చినప్పుడు పక్కవాడు టైము గుర్తు పెట్టుకోవాలి. జర్క్ వచ్చిన క్షణంలో స్కోపులో టీపీఎస్ గీత కదలకపోతే, అయ్యా, అది టీపీఎస్ కాదు. అప్పుడు పెట్రోలు ప్రెషరు, ఇగ్నిషన్ కాయిల్, వాక్యూమ్ లీకు, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ చూడండి. కాదని తేల్చడం కూడా పనే.

కేబుల్ లేని కొత్త థ్రాటిల్ బాడీలు వేరే లెక్క. మోటారు తిప్పుతుంది. కప్లర్‌లో సాధారణంగా ఆరు పిన్నులు: రెండు మోటారుకి, ఒక 5 వోల్టులు, ఒక ఎర్త్, రెండు సిగ్నళ్లు. రెండు సిగ్నళ్లూ ఒకదాన్ని ఒకటి కాపలా కాస్తాయి. కొన్ని బండ్లలో ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, ఎక్కడ కొలిచినా రెండూ కలిపితే 5. ఇంకొన్నింటిలో రెండూ ఎక్కుతాయి, వేర్వేరు వాలుతో. పొంతన తప్పితే పీ2135. అదే పీ2138 వస్తే అది థ్రాటిల్ కాదు, కాలి కింద పెడల్ సెన్సర్. పీ2122, పీ2127 కూడా పెడలే. ఈ పెడల్ కోడ్‌లకి థ్రాటిల్ బాడీ మార్చారంటే కస్టమర్‌కి అన్యాయం చేసినట్టు, అది చవక సామాను కాదు. ఈ కొత్త థ్రాటిల్ బాడీల సెన్సర్లలో చాలావాటికి ట్రాక్ ఉండదు, అయస్కాంతంతో చదువుతాయి, ఓమ్ మీటరు పెట్టి అర్థం లేదు. అరిగేది లేదు కాబట్టి ముందు కప్లర్ని, ఎర్త్‌ని అనుమానించండి.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. తాళం వేసి ఉండగా ఈ థ్రాటిల్ పలకలో వేలు పెట్టొద్దు. మోటారు ఒక్కసారిగా మూసిందంటే వేలు నలుగుతుంది. శుభ్రం చెయ్యాలంటే తాళం తీసి, కప్లర్ తీసి, క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవండి. స్ప్రేని షాఫ్టు మీద, సెన్సర్ మీద కొట్టకండి, లోపలికి పాకుతుంది. అయ్యాక ఆ బండికి చెప్పిన పద్ధతిలో థ్రాటిల్ లెర్నింగ్ (మూసిన చోటు ఈసీయూకి మళ్లీ నేర్పడం) చేయించండి, లేకపోతే ఐడిల్ నిలబడదు, కస్టమర్ అదే సాయంత్రం తిరిగొస్తాడు.

రిపేరు గురించి కొంచెం. పిన్ను మీద చిలుము ఉంటే ఎమిరీ కాగితంతో గీకకండి, పైపూత పోయి ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ వాడండి. ఆడ పిన్ను వదులైందా అన్నది చూడటానికి అదే సైజు మగ పిన్ను ఒకటి దూర్చి లాగండి, కాస్త పట్టు తగలాలి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే పిన్ను మార్చండి, సూదితో వంచి సరిపెట్టకండి. వైరు అతకాలంటే కప్లర్‌కి దూరంగా అతకండి. మూతి దగ్గరే సోల్డర్ పెడితే అక్కడ బిగుసుకుపోయి, వణుకుకి దాని పక్కనే తెగుతుంది. క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేసి, కొంచెం వదులు ఉంచండి. సెన్సర్ ఎర్త్ బాగాలేదని బాడీకి కొత్త ఎర్త్ లాగేవాళ్లున్నారు. వద్దు. స్టార్టరు, ఫ్యాన్ లాగే కరెంటు వల్ల బాడీ ఎర్త్ ఊగుతుంటుంది, ఆ ఊపంతా సిగ్నల్‌లోకి వస్తుంది. ఈసీయూ నుంచి వచ్చిన వైరునే బాగుచెయ్యండి. అలాగే ఐడిల్ పెంచడానికి థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పకండి. మూత వోల్టేజి మారిపోయి, లేని ఫాల్టు మీరే పెట్టినవాళ్లవుతారు.

బాగైందని ఎప్పుడు అనాలి? ఏ పరిస్థితిలో ఫాల్టు వచ్చిందో అదే పరిస్థితిలో రాకపోతే. వేడిలో వస్తే వేడిలో చూడాలి, వానలో వస్తే నీళ్లు చల్లి చూడాలి. షెడ్డు ముందు ఒక రౌండు కొట్టి బిల్లు రాయకండి.

అన్నా, మీరు ఏటి అడుగుతున్నారు? పాత బండి నుంచి తీసిన సెన్సర్ వెయ్యొచ్చా అని. మంచి ప్రశ్న. పాత మోడళ్లకి కొత్తది దొరకనప్పుడు తప్పదు. ట్రాక్ ఉన్న మూడు పిన్నుల సెన్సర్ అయితే బల్ల మీదే పరీక్షించొచ్చు. పాత సెల్‌ఫోన్ చార్జర్ 5 వోల్టులు ఇస్తుంది. ఎర్రది ఒక కొస పిన్నుకి, నల్లది ఇంకో కొసకి ఇచ్చి, మిగిలిన సిగ్నల్ పిన్ను మీద స్కోపో ముల్లు మీటరో పెట్టండి. ఏవి కొసలో ముందు ఓమ్ మీటరుతో తేల్చుకోండి: ఏ రెండింటి మధ్య రీడింగు తిప్పినా మారదో అవి కొసలు. సిగ్నల్ పిన్నుకి మాత్రం కరెంటు ఇవ్వకండి, కొస దగ్గర ట్రాక్ కాలిపోతుంది. అయస్కాంతం రకానికి ఈ పద్ధతి వద్దు, తీగలు తిరగబడితే చచ్చిపోతుంది. తగిలించాక మెల్లగా ఒక ఇరవై సార్లు తిప్పండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఇంకో ఇరవై సార్లు తిప్పండి. ఐడిల్ దగ్గరి మొదటి పావు భాగం మీద ఎక్కువ కన్నెయ్యండి. ఒక్క సూది గీత పడినా అది బండిలోకి వెళ్లకూడదు.